క్లినిక్ బోర్డు మీద ఏం రాయాలి? "డా." సంగతి, రిజిస్ట్రేషన్ నంబరు సంగతి, పక్కవీధి "ఫిజియో సెంటర్ల" సంగతి

ఒంగోలు_బీపీటీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒంగోల్లో ఇద్దరం కలిసి చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ తెరుస్తున్నాం. ఒకరిది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), ఇంకొకరిది ఎంపీటీ ఆర్థో (దాని మీద ఎముకలు, కండరాల పీజీ). ఫ్లెక్సీ ప్రింటింగ్ అతను మ్యాటర్ పంపమని రోజూ అడుగుతున్నాడు, మేమింకా తేల్చుకోలేదు.

పేరు ముందు "డా." పెట్టాలా, వద్దా? 2025 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి వద్దని ఒక లేఖ వచ్చింది, మర్నాడే వెనక్కి పోయింది. పెడితే చివర, ఫిజియోథెరపిస్ట్ అని తెలిసేలా, "(పి.టి.)" అని రాస్తే సరిపోతుందా? ఎంపీటీ ఆర్థో అని రాస్తే జనం ఎముకల డాక్టరనుకుంటారేమో అని కూడా అనుమానం.

రెండోది. మా వీధి చివర ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి "ఫిజియోథెరపీ సెంటర్" బోర్డులున్నాయి. లోపల డిగ్రీ ఉన్న మనిషి లేడు. ఒకచోటైతే వారం రోజుల ఆక్యుప్రెషర్ కోర్సు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. దీని మీద ఎవరికి రాయాలి? ఎలా రాస్తే పని జరుగుతుంది?

మూడోదే అసలు బాధ. నాలుగున్నరేళ్ళు చదివి బయటికొస్తే ఊళ్ళో మన పేరు "కరెంటు పెట్టేవాళ్ళు". ఇది మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?


కాకినాడ_ఎంపీటీ:

బోర్డు సంగతి నేను చెప్తాను. ఫిర్యాదుల గురించి ఇక్కడ బాగా తెలిసినవాళ్ళున్నారు, వాళ్ళు రాస్తారు.

ముందు "డా." ఫిజియోథెరపీ లాంటి ఆరోగ్య వృత్తుల కోసం వచ్చిన 2021 చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో ఫిజియోథెరపీకి కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చింది. పేరు ముందు "డా.", చివర "పి.టి." వాడుకోవచ్చని అందులో ఉంది. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ డాక్టర్ల సంఘం ఐఎంఏకి లేఖ రాస్తూ, 1916 నాటి ఇండియన్ మెడికల్ డిగ్రీస్ చట్టాన్ని చూపించి, వాడకూడదంది. పదో తేదీన, ఇంకా పరిశీలించాల్సి ఉందంటూ ఆ లేఖను వెనక్కి తీసుకుంది. తర్వాత విషయం కేరళ హైకోర్టు దాకా వెళ్ళింది. అందుకే బోర్డు రాయించే ముందు తాజా ఉత్తర్వు ఏముందో మనల్ని నమోదు చేసే మీ రాష్ట్ర కౌన్సిల్‌ని రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబు ఫైల్లో పెట్టుకోండి.

నా సలహా అడిగితే, మీ బోర్డు "డా." లేకుండానే నిలబడేలా రాయండి. రేపు ఏ ఉత్తర్వు వచ్చినా బోర్డు పీకాల్సిన పని ఉండదు. పెట్టాలనే అనుకుంటే "డా." ఏ సైజులో ఉందో "(పి.టి.)" కూడా అదే సైజులో, అదే వరసలో ఉండాలి, కింద "ఫిజియోథెరపిస్ట్" అని పూర్తి మాట ఉండాలి. సాధారణంగా తప్పు ఇక్కడే జరుగుతుంది. మ్యాటర్ సరిగ్గానే ఇస్తారు. చోటు చాలక డిజైన్ చేసే అతను "(పి.టి.)"ని చిన్నది చేస్తాడు. గూగుల్ మ్యాప్‌లో పేరు ఎక్కించేటప్పుడు అది ఊడిపోతుంది. విజిటింగ్ కార్డుకు వచ్చేసరికి ఒట్టి "డా." మిగులుతుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించేది ఆ కార్డునే.

ఇక బోర్డు. పైన క్లినిక్ పేరు, అందులోనే "ఫిజియోథెరపీ క్లినిక్" అన్న మాట. కింద మనిషి పేరు, పక్కన యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ మాత్రమే. దాని కింద "ఫిజియోథెరపిస్ట్". దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు, ఏ కౌన్సిలో ఏ బోర్డో దాని పేరుతో సహా. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం కావాలని బోర్డులవాళ్ళ లెక్క. రోడ్డు 30 అడుగులైతే "ఫిజియోథెరపిస్ట్" అన్న మాట మూడంగుళాలకు తగ్గకూడదు. నంబరు చిన్నగా ఉన్నా ఫరవాలేదు గానీ, తలుపు పక్కన కంటి ఎత్తులో ఇంకోసారి ఉండాలి.

స్పెల్లింగ్ మీరే చూసుకోండి. సగం బోర్డుల మీద "ఫిజియోథెరఫీ" అని ఉంటుంది. రెండో "ఫ" తప్పు, అది "ప". మన పేరు మనమే తప్పు రాసుకుని, ఇంకొకడు వాడుకున్నాడంటే ఎవరు పట్టించుకుంటారు?

రాయకూడనివి కూడా చెప్తాను. "ఆర్థో, న్యూరో, పీడియాట్రిక్ స్పెషలిస్ట్" అని వరసగా రాయొద్దు. మీ ఎంపీటీ ఆర్థోని "ఎం.పి.టి. (ఎముకలు, కండరాల ఫిజియోథెరపీ)" అని విడమరచి రాయండి, ఎవరూ సర్జన్ అనుకోరు. ఎం.ఐ.ఏ.పి. అన్నది ఫిజియోథెరపిస్టుల అసోసియేషన్ సభ్యత్వం. అది డిగ్రీ కాదు, లైసెన్సూ కాదు. రిజిస్ట్రేషన్ నంబరు రావాల్సిన చోట దాన్ని రాస్తే, తెలిసినవాళ్ళకు అసలు నంబరు లేదేమో అన్న అనుమానం వస్తుంది. రెండు రోజుల వర్క్‌షాపుల పేర్లు బోర్డుకు ఎక్కించొద్దు. ముఖ్యంగా "చైరోప్రాక్టర్" అనే మాట. ఇంకో వృత్తి పేరు మనం తగిలించుకుంటే మన పేరు ఇంకొకడు తగిలించుకున్నాడని అడిగే నోరుండదు. ఎర్ర శిలువ గుర్తు అసలే వద్దు, 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అది ప్రైవేటు క్లినిక్కులు వాడకూడని గుర్తు.

ప్యాడ్ మీద ఆర్ఎక్స్ గుర్తు తీసేయించండి. అది ఉంటే పేషెంటు మాత్రలు రాయమంటాడు, మొహమాటానికి ఒక నొప్పి మాత్ర రాస్తే మన పేరుకు అంతకంటే పెద్ద దెబ్బ లేదు. సెలవు కోసం మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లూ ఇవ్వొద్దు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫిజియోథెరపీకి హాజరయ్యారు" అని ఇవ్వొచ్చు, అది నిజం కాబట్టి.

బిల్లు మీద "ఫిజియోథెరపీ చికిత్స" అనే రాయండి. చికిత్సగా ఇచ్చే ఆరోగ్య సేవకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది. మసాజుకూ జిమ్ముకూ లేదు. బిల్లులో "పెయిన్ రిలీఫ్ మసాజ్ ప్యాకేజీ" అని రాసేవాళ్ళు పేరుతో పాటు ఆ మినహాయింపునూ చేతులారా పోగొట్టుకుంటున్నారు.


రూల్‌బుక్_గుంటూరు:

రెండో ప్రశ్నకు వస్తాను. ముందు చట్టంలో మన గురించి ఏముందో తెలుసుకోవాలి. చాలామంది పేరు విన్నారు గానీ తెరిచి చదవలేదు.

నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం, 2021. ఆ ఏడాది మార్చి 28న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. షెడ్యూల్లో పది వర్గాలుంటే ఫిజియోథెరపీది విడిగా ఒక వర్గం. అక్కడిచ్చిన నిర్వచనం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. సమగ్రంగా పరీక్షించడం, కదలికలో వచ్చే ఇబ్బందికీ నొప్పికీ వ్యాయామం, మొబిలైజేషన్, మానిప్యులేషన్ (చేత్తో కీళ్ళను కదిలించే పద్ధతులు), కరెంటు, వేడి వంటి వాటితో చికిత్స చేయడం అన్నీ అందులో ఉన్నాయి. స్వతంత్రంగా గానీ బృందంలో గానీ ప్రాక్టీసు చేయొచ్చని ఉంది. కనీస అర్హత బ్యాచిలర్ డిగ్రీ అని కూడా స్పష్టంగా ఉంది. వారం రోజుల సర్టిఫికెట్‌కు జవాబు ఆ చివరి వాక్యమే.

రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఈ వృత్తి చేసినా, నమోదయ్యామని చెప్పుకున్నా జరిమానా ఉంది. నమోదు చేసేది రాష్ట్ర కౌన్సిల్. చాలా రాష్ట్రాలు కౌన్సిళ్ళు వేయకుండా కాలయాపన చేస్తుంటే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టి అమలు చేయమంది. ఇదివరకు పారామెడికల్ బోర్డులో నమోదైనవాళ్ళు ఆ నంబరు చాలనుకుని కూర్చోవద్దు, కౌన్సిల్‌కి కూడా దరఖాస్తు పెట్టి రసీదు ఉంచుకోండి. క్లినిక్ రిజిస్ట్రేషన్ వేరే సంగతి, అది జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో. మనిషి నంబరు, క్లినిక్ నంబరు రెండూ ఉన్నాకే ఎదుటివాళ్ళ మీద ఫిర్యాదుకు దిగండి. విచారణకు వచ్చినవాళ్ళు మొదట అడిగేది మీ కాగితాలే.

ఫిర్యాదు ఎలా రాయాలంటే: "ఫలానావాడు ఫేక్, చర్య తీసుకోండి" అని రాస్తే ఆ కాగితం కదలదు. బోర్డు ఫోటో తీయండి, తేదీతో, చిరునామా కనిపించేలా. కరపత్రం సంపాదించండి. "ఫిజియోథెరపీ" అని రాసిచ్చిన రసీదు ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే బోర్డు రాత్రికి రాత్రి మారుతుంది, రసీదు మారదు. రిజిస్టరులో ఆ పేరు వెతికి, లేదని చూపించే పేజీ ప్రింటు తీయండి. తర్వాత ఒకటే పేజీ అర్జీ. ఎవరు, ఎక్కడ, ఏ మాట వాడుతున్నారు, ఆ మాట వాడటానికి ఏ అర్హత కావాలి, రిజిస్టరులో పేరు లేదు, విచారణ చేయండి. అంతే. మీ బాధ, మీ చదువు కష్టం అందులో రాయొద్దు.

ఒక కాపీ రాష్ట్ర కౌన్సిల్‌కి, ఒకటి డీఎంహెచ్‌ఓకి, స్పీడ్ పోస్టులో. డీఎంహెచ్‌ఓ ఆఫీసులో చేత్తో ఇస్తే మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నెల దాటినా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేచోట ఇవ్వండి, ఏపీలో పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి. అక్కడ అర్జీకి నంబరు పడుతుంది. ఆ నంబరు చూపించి, తీసుకున్న చర్య ఏమిటని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చాలా ఫైళ్ళు కదిలేది ఆ దరఖాస్తుతోనే.

ఏ ఫిర్యాదు నిలవదో కూడా తెలుసుకోండి. మసాజ్ సెంటరు మసాజ్ సెంటరనే రాసుకుంటే పేరు విషయంలో మనకు అభ్యంతరం లేదు. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు తమను ఫిజియోథెరపిస్టులమని చెప్పుకోరు. విరిగిన ఎముక విషయంలో మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, అది పేరు వాడుకున్న కేసు కాదు. ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టి పేరుతో తిట్టడం మాత్రం చేయకండి. విచారణ వాళ్ళ మీద జరగాల్సింది పోయి, పరువు నష్టం నోటీసు మీకొస్తుంది.

ఇంకో మాట చెప్పక తప్పదు. డిగ్రీ లేనివాడు నడిపే సెంటర్లలో కొన్నింటి గోడ మీద నిజమైన బీపీటీ సర్టిఫికెట్టే ఉంటుంది. మనవాళ్ళే నెలకింతని అద్దెకిస్తారు, మనిషి మాత్రం వేరే ఊళ్ళో ఉంటాడు. అక్కడ పేషెంటుకు ఏదైనా జరిగితే సమాధానం చెప్పాల్సింది కాగితం మీద ఉన్న మనిషే. బయటివాళ్ళు మన పేరు వాడుకోవడం కంటే ఇది ఎక్కువ నష్టం. మీ ఫిర్యాదులో ఇలాంటిది బయటపడితే మనవాడే కదా అని వదిలేయకండి.


విజయవాడ_పీటీ:

కాకినాడ మేడమ్ "డా." లేకుండా రాయమన్నారు. గౌరవంగానే విభేదిస్తాను. జాతీయ కమిషన్ పాఠ్యప్రణాళికలోనే రాసిన మాటను మనమే భయపడి వదులుకుంటే రేపు కోర్టులో "వృత్తివాళ్ళే వాడటం లేదు" అంటారు. మన ఊళ్ళలో పేషెంటు ఎవరి మాట వింటాడన్నది ఆ రెండక్షరాల మీద ఎంత ఆధారపడి ఉందో మనందరికీ తెలుసు. పక్షవాతం వచ్చిన మనిషిని ఆరో రోజున మంచం దింపి నిలబెడదామంటే, చెప్పింది "డాక్టరుగారు" కాకపోతే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు.


కాకినాడ_ఎంపీటీ:

సార్, ఆ ఇబ్బంది కాదనను. కానీ చూడండి, "డా." ఎంబీబీఎస్‌దీ, దంత వైద్యులదీ, ఆయుర్వేదానిదీ, పీహెచ్‌డీదీ. అది ఎప్పటికీ మన ఒక్కరిదే కాదు. "ఫిజియోథెరపిస్ట్" అన్న మాట మన ఒక్కరిదే. 2025 సెప్టెంబరు ఆ రెండు రోజులూ "డా." గురించి మనం రాసిన పోస్టుల్లో పదో వంతు, పక్కవీధి బోర్డు మీదున్న ఆ రెండో మాట గురించి రాశామా? "డా." మీద తీర్పు ఏదొచ్చినా గౌరవిద్దాం. రోజూ చేతుల్లోంచి జారిపోతున్నది మాత్రం రెండోది.


లీడ్స్_తెలుగు:

ఇక్కడి పద్ధతి రాస్తాను, పోలిక కోసం. బ్రిటన్‌లో "ఫిజియోథెరపిస్ట్", "ఫిజికల్ థెరపిస్ట్" రెండు మాటలూ చట్టం కాపాడే పేర్లు. నమోదు సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టరులో లేనివాళ్ళు వాడితే నేరం. రిజిస్టరు ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతకొచ్చు, ఫిజియోల నంబర్లు పీహెచ్ అక్షరాలతో మొదలవుతాయి, రెండేళ్ళకోసారి రెన్యువల్. ఇండియాలో బీపీటీ చేసి వచ్చినవాళ్ళు నమోదు పూర్తయ్యేదాకా ఇక్కడ ఫిజియోథెరపిస్ట్ అని రాసుకోకూడదు, అసిస్టెంటుగా పనిచేస్తుంటే అసిస్టెంటనే రాయాలి. లింక్డ్ఇన్‌లో ముందే మార్చేసుకుని ఇబ్బందుల్లో పడొద్దు. ఇక్కడ కాపాడేది పేరును మాత్రమే. అదే పనిని ఇంకో పేరుతో చేసేవాళ్ళను ఆ చట్టం ఆపదు. గుంటూరు సార్ చెప్పినట్టు మీ 2021 చట్టం పేరుతో పాటు ప్రాక్టీసునూ పట్టుకుంటుంది, అది ఇక్కడికంటే గట్టిది.

ఐర్లండ్ సంగతి మనకు ఇంకా దగ్గర. అక్కడ "ఫిజికల్ థెరపిస్ట్" అన్న పేరును చాలా ఏళ్ళు, వేరే, తక్కువ శిక్షణ ఉన్న ఒక వర్గం వాడుకుంది. ప్రపంచమంతా రెండు మాటలూ ఒకటే అనుకుంటుంటే అక్కడి పేషెంటుకు మాత్రం ఎవరు ఎవరో తెలిసేది కాదు. 2016లో ఫిజియోథెరపిస్టుల రిజిస్టరు తెరిచాక, 2017 సవరణతో రెండో పేరునూ చట్టం కిందికి తెచ్చారు. ఒక మాటకే కంచె వేస్తే పక్కనున్న మాటలోంచి దూరతారు. మీ దగ్గర ఆ పక్క మాటలు "ఫిజియో సెంటర్", "రీహాబ్", "పెయిన్ క్లినిక్". రాష్ట్ర కౌన్సిల్‌కి సూచనలు పంపే అవకాశం వస్తే ఈ మాటల జాబితా కూడా ఇవ్వండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు పేరు చివర ముందు "పి.టి." రాసి, తర్వాత "డి.పి.టి." రాస్తారు. మొదటిది రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు, రెండోది డిగ్రీ. లైసెన్సు ముందు, చదువు తర్వాత. ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా లైసెన్సు లేకపోతే మొదటి రెండక్షరాలు రాయకూడదు.

మసాజ్ పేరుతో కలిపేస్తున్నారన్న బాధ మనకే కొత్త కాదు. 1894లో లండన్‌లో మసాజ్ పేరు చెప్పి వేరే వ్యాపారాలు నడుస్తున్నాయని పత్రికల్లో వచ్చినప్పుడు, రోజలిండ్ పాజెట్‌తో సహా నలుగురు నర్సులు శిక్షణ పొందినవాళ్ళకని ఒక సంఘం పెట్టారు. పరీక్ష, సర్టిఫికెట్, ప్రవర్తనా నియమాలు. ఈనాటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అదే.


వరంగల్_రీహాబ్:

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను రాస్తాను. "కరెంటు పెట్టేవాళ్ళు" అన్న పేరు జనం ఊరికే పెట్టలేదు, మన రేటు కార్డు పెట్టించింది. గోడ మీద ఐఎఫ్‌టీ (నొప్పికి పెట్టే కరెంటు) ఇంత, అల్ట్రాసౌండ్ ఇంత, ట్రాక్షన్ (మెడ, నడుము లాగడం) ఇంత అని రాస్తే పేషెంటు కొనుక్కుంటున్నది యంత్రాన్ని. అదే యంత్రం బస్టాండు దగ్గర సెంటరులోనూ ఉంది, అక్కడ ఇంకా చవక. నాలుగు ప్యాడ్లు అంటించి పదిహేను నిమిషాలు వదిలేసి వెళ్తే ఆ పదిహేను నిమిషాలూ మీకూ అతనికీ తేడా ఏముంది?

కార్డు మీద రెండే రాయండి: మొదటి పరీక్ష, తర్వాతి సెషన్. యంత్రం వాడితే అది సెషన్లో భాగం, దానికి వేరే డబ్బు లేదు. మొదటి పరీక్షకు 40 నిమిషాలు కేటాయించండి, ఆ రోజే ఒక కాగితం పేషెంటు చేతికివ్వండి, తెలుగులో.

ఉదాహరణకు మోకీలు మార్పిడి అయి మూడు వారాలైన పెద్దావిడ వచ్చారనుకోండి. "మోకాలి నొప్పి, ఐఎఫ్‌టీ పది రోజులు" అని కాకుండా ఇలా రాయండి: మోకాలు 70 డిగ్రీలు వంగుతోంది. పడుకుని కాలు లేపితే చివరి 10 డిగ్రీలు తనంతట తాను చాచలేకపోతున్నారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారు. మెట్లు దిగాలంటే 90 నుంచి 100 డిగ్రీలు కావాలి. మొదటి లక్ష్యం 90. ఇంట్లో చేయాల్సినవి మూడు, రోజుకెన్నిసార్లు, ఒక్కోటి ఎన్ని. పిక్క వాచి, పట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే వ్యాయామం ఆపి వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. కింద మీ పేరు, ఫిజియోథెరపిస్ట్, నంబరు.

గోనియోమీటరు (కీలు ఎంత వంగుతుందో కొలిచే స్కేలు) పెట్టి కొలిచేటప్పుడు అంకె పైకి చదవండి. పక్కనున్న కూతురు వింటుంది. వారం తర్వాత మళ్ళీ కొలిచి 82 అన్నప్పుడు ఆ ఇంట్లో మీ పేరు మారుతుంది. అదే కాగితం ఆపరేషన్ చేసిన సర్జన్ బల్ల మీదికీ వెళ్తుంది, ఆయన తర్వాతి పేషెంటును పంపేటప్పుడు చీటీ మీద "ఐఎఫ్‌టీ 10" అని కాకుండా "పరీక్షించి చికిత్స చేయండి" అని రాస్తాడు. ఆ చీటీలో మాట మారడం మనకు ఏ ప్రెస్ మీట్ కంటే ఎక్కువ.

వెనక్కి పంపడం కూడా గుర్తింపే. నడుము నొప్పితో వచ్చిన మనిషికి మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కినా టేబుల్ మీద పడుకోబెట్టకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి పంపాలి, కారణం రాసి. పక్కవీధి సెంటరు చేయలేని పని ఇదే.

సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవానికి ఉచిత కరెంటు శిబిరాలు పెట్టొద్దు, దయచేసి. గోనియోమీటరు, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోండి. అరవై దాటినవాళ్ళు 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టి, అంకె రాసిచ్చి పంపండి.


ఒంగోలు_బీపీటీ:

అందరికీ ధన్యవాదాలు. రేటు కార్డు తిరగరాశాం, ఐఎఫ్‌టీ వరస తీసేశాం. కౌన్సిల్‌కి "డా." గురించి లేఖ రాశాం. రెండు సెంటర్ల బోర్డు ఫోటోలు తీశాం, రసీదు కోసం చూస్తున్నాం. ఫ్లెక్సీ మ్యాటర్ ఇలా అనుకుంటున్నాం, చూసి చెప్పండి: పైన క్లినిక్ పేరు. కింద ఎడమవైపు ఒకరి పేరు, బి.పి.టి., ఫిజియోథెరపిస్ట్. కుడివైపు ఇంకొకరి పేరు, ఎం.పి.టి. (ఎముకలు, కండరాల ఫిజియోథెరపీ), ఫిజియోథెరపిస్ట్. అడుగున వేళలు, ఫోన్ నంబరు, చివర మూలన ఇద్దరి రిజిస్ట్రేషన్ నంబర్లు.


రూల్‌బుక్_గుంటూరు:

నంబర్లు మూలకు వద్దు. ఫ్లెక్సీ ఫ్రేముకు బిగించేటప్పుడు అంచు రెండంగుళాలు లోపలికి మడుస్తారు, మొదట పోయేది మూలే. ఎవరి నంబరు వాళ్ళ పేరు కిందే, "ఫిజియోథెరపిస్ట్" అన్న మాటకు ఆనుకుని పెట్టించండి. ప్రింటుకు ముందు ప్రూఫ్ వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద తీసుకుని ఒక్కో అంకె కలిపి చూసుకోండి.